సొట్టలు కొడితే పాత ఇనుమైపోతుందా?

మండువా ఇల్లు బాగుచేయించుకునేవాళ్ళు, దిండి వైపు రిసార్టు కట్టుకునేవాళ్ళు ఈ మధ్య మా వర్క్‌షాపుకి ఒకే రకం ఫొటో పట్టుకొస్తున్నారు. నల్లటి ఇనప గేటు. ఊచల నిండా సుత్తి దెబ్బలు, ఎక్కడ చూసినా సొట్టలు, అంచులకి బంగారు రంగు పూత. "అచ్చం తాతల కాలం ఇనుములా ఉండాలండీ" అంటారు. "ఆయ్, అలాగేనండీ" అని చేసిచ్చే షాపులు రాజమండ్రి నుంచి భీమవరం దాకా బోలెడు. పన్నెండు ఎం.ఎం. చదరపు ఊచ తెచ్చి, చల్లగా ఉండగానే నాలుగు వైపులా నాలుగు దెబ్బలేసి, ఆర్క్ వెల్డింగుతో అతికించి, ఆ బొడిపెల్ని గ్రైండరుతో రుద్దేసి, నల్ల పౌడర్ కోటింగ్ కొట్టిస్తే పనైపోయింది. బిల్లు మీద 'రాట్ ఐరన్' అని రాస్తారు. రాట్ ఐరన్ అంటే పాతకాలపు చేత ఇనుము, అది ఇందులో గ్రాము కూడా ఉండదు. ఉన్నదంతా మామూలు మైల్డ్ స్టీలు, అంటే ఇప్పుడు బజారులో దొరికే మెత్తటి ఉక్కు.

నేనూ ఫ్యాబ్రికేషన్ మీద బతికేవాణ్ణే. మైల్డ్ స్టీలు అన్నం పెడుతోంది, దాన్ని తిట్టే ఉద్దేశం లేదు. నా కోపమల్లా సొట్టల మీదే. పాతకాలం కమ్మరులు సుత్తి దెబ్బ కనపడాలని పని చేయలేదు. దెబ్బ కనపడితే పనితనం తక్కువని లెక్క. మా తాతయ్య చివరి కాకలో సమ్మెట పక్కన పెట్టించి, చదును సుత్తి ఒక్కటే తీసుకుని, కొడవలి వీపంతా తేలిగ్గా తట్టుకుంటూ వచ్చేవారు. మచ్చ మిగిలితే రైతు బేరం తగ్గించేవాడు. ఇప్పుడు అదే మచ్చకి మనం ఎదురు డబ్బులిస్తున్నాం.

కాబట్టి నా వాదన ముందే చెప్పేస్తాను. పాత పని బాగుచేయాలంటే పాత ఇనుమే వెతికి వాడాలి. అది మన గోదావరి డెల్టాలోనే ఉంది, రోజూ తూకానికి పోతోంది. కొత్త పనికైతే మైల్డ్ స్టీలే వాడండి, మైల్డ్ స్టీలనే చెప్పండి. పాతవాళ్ళని అనుకరించాలని అంత ముచ్చటగా ఉంటే వాళ్ళ అతుకుల్ని అనుకరించండి. వాళ్ళు చేయని సొట్టలు వాళ్ళ నెత్తిన పెట్టకండి.

అసలు ఈ చేత ఇనుము ఏమిటో కాస్త చూద్దాం. పోత ఇనుములో కర్బనం మూడు నాలుగు శాతం ఉంటుంది, సుత్తి వేస్తే పగులుతుంది. చేత ఇనుములో కర్బనం దాదాపు ఉండదు, 0.1 శాతం లోపే. ఉండేది చిట్టెం, అంటే ఇనుము తీసేటప్పుడు మిగిలే గాజులాంటి మడ్డి. బరువులో ఒకటి నుంచి మూడు శాతం దాకా చిట్టెమే ఉంటుంది. ఎందుకంటే ఈ ఇనుము తయారీలో ఎప్పుడూ నీళ్ళలా కరగదు. మెత్తటి ముద్దలా అవుతుంది, దాన్ని వేడి మీద సమ్మెటతో బాదితే చిట్టెం చాలావరకు కారిపోతుంది. మిగిలింది లోపలే ఉండిపోయి, ఇనుము సాగుతున్నకొద్దీ సన్నటి పోగుల్లా తనూ సాగుతుంది. మన పాత మట్టి కొలుముల్లో తీసిన ఇనుమైనా ఇంతే, తర్వాత ఇంగ్లండులో తీసిందైనా ఇంతే.

ఇంగ్లండు పద్ధతికి 1784లో హెన్రీ కోర్ట్ పేటెంటు తీసుకున్నాడు. బొగ్గు ఒక అరలో, ఇనుము ఇంకో అరలో. మంట మాత్రమే ఇనుము మీదుగా పోతుంది. మనిషి పొడుగాటి గుణపంతో ఆ కరిగిన పోత ఇనుమును కలుపుతూనే ఉండాలి. కర్బనం కాలిపోతున్నకొద్దీ ఇనుముకు కరగడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి, కొలిమిలో అంత వేడి లేదు, కాబట్టి అది ముద్ద కడుతుంది. ఆ ముద్దల్ని బయటికి లాగి సమ్మెట కింద పెట్టి, రోలింగు చేసి, కోసి, కట్టలు కట్టి, మళ్ళీ కాల్చి మళ్ళీ రోలింగు. ఎన్నిసార్లు తిరగేస్తే పోగులు అంత సన్నబడతాయి, సరుకు అంత మేలు. ఆ రకాలకి వాళ్ళు పెట్టిన పేర్లు 'బెస్ట్', 'బెస్ట్ బెస్ట్', 'బెస్ట్ బెస్ట్ బెస్ట్'. హాస్యం కాదు, ఊచల మీద అలాగే ముద్ర వేసేవారు.

ఈ ఇనుమును పగలగొట్టి చూసినవాళ్ళు మర్చిపోరు. ఊచకి ఒక పక్క మూడో వంతు లోతున ఉలితో గాటు పెట్టి, దాగలి (కమ్మరి ఇనప దిమ్మ) అంచున పెట్టి వంచితే, పచ్చి కొబ్బరి మట్టని విరిచినట్టు పీచు పీచుగా చీలుతుంది. ఆ పోగుల మధ్య నల్లటి గీతలు కనిపిస్తే అది చిట్టెం. మైల్డ్ స్టీలు ఇలా చేయదు. వంగుతుంది, మరీ వంచితే గింజ గింజగా తెగుతుంది. పోత ఇనుమైతే వంగే మాటే లేదు, బూడిద రంగు ముఖంతో పుటుక్కున రెండవుతుంది.

పోగులున్నాయి కాబట్టే దీనితో పని చేసే తీరు వేరు. ఎర్రటి కాకలో మైల్డ్ స్టీలుని ఎలాగోలా వంచేయొచ్చు, ఇది ఊరుకోదు. తక్కువ వేడిలో కొడితే నిలువునా చీలుతుంది. పసుపు దాటి తెల్లబడే దాకా కాల్చాలి, అప్పుడే కొట్టాలి, రంగు దిగగానే ఆపేసి మళ్ళీ కొలిమిలో పెట్టాలి. అలా చేసినంతసేపూ ఇంత మెత్తగా మాట వినే ఇనుము ఇంకోటి లేదు. రెండు ముక్కలు కలిపి కొడితే అతుక్కోవడంలో దీనికి సాటి లేదు. లోపలి చిట్టెమే కరిగి పైకొచ్చి ముఖాన్ని శుభ్రం చేస్తుంది, అతుకు శుభ్రంగా పట్టడానికి చల్లే వెలిగారం కూడా పెద్దగా అడగదు. కాకపోతే కర్బనం లేదు కాబట్టి పదును పట్టదు. కొడవలికీ కత్తిపీటకీ దీన్ని వాడాలంటే అంచున ఉక్కు అతికించాల్సిందే. ఊళ్ళో కమ్మరి లారీ కమాను పట్టీలను వెతుక్కునేది పదును కోసమే. ఆయన పని ఆయనకి తెలుసు. నేను చెప్పే పాత ఇనుము ఆయనకి అక్కర్లేదు.

మరి ఎవరికి కావాలి? దానికి ముందు మన చుట్టూ ఉన్నదాంట్లో ఏది ఏమిటో తేల్చుకోవాలి. 'పాతది' అనగానే 'చేత ఇనుము' అనేసుకునే అలవాటు బాగా ముదిరింది.

ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఇంగ్లండులో హెన్రీ బెస్సెమర్ తన ఉక్కు పద్ధతికి పేటెంటు తీసుకుంది 1856లో. కరిగిన ఇనుములోంచి గాలి ఊది, నిమిషాల్లో టన్నుల కొద్దీ ఉక్కు చేసే ఆ పద్ధతి వచ్చాకే మైల్డ్ స్టీలు చౌకైంది. అంటే కాటన్ దొర ఆనకట్టలో మొదట వాడిన ఇనుము అయితే చేత ఇనుము, కాకపోతే పోత ఇనుము. పనిముట్ల ఉక్కు సంగతి వేరు. అక్కణ్ణించి గోదావరి గట్టు పట్టుకుని రాజమండ్రి వైపు కొద్ది మైళ్ళు వస్తే పాత రైలు వంతెన. 1897లో మొదలుపెట్టి 1900లో రైళ్ళు నడిపిన హేవ్‌లాక్ వంతెన. 56 ఖానాలు, 1997 దాకా మోసింది. చాలామంది దాన్ని చూపించి "అదిగో పాత ఇనుమంటే" అంటారు. దాని గర్డర్లు స్టీలువి. ఆనకట్టకీ వంతెనకీ మధ్య సరిగ్గా 48 ఏళ్ళు, ఆ 48 ఏళ్ళలోనే ప్రపంచం చేత ఇనుము వదిలేసి స్టీలు పట్టుకుంది. ఆ మార్పు ఒక్క రాత్రిలో రాలేదు లెండి. 1889లో కట్టిన పారిస్ ఈఫిల్ టవర్ ఏడు వేల టన్నుల పైచిలుకు చేత ఇనుము. మరుసటి ఏడాది 1890లో స్కాట్లండులో తెరిచిన ఫోర్త్ వంతెన స్టీలు. మన యానాంలో ఈఫిల్ టవర్‌లా కట్టిన వంద మీటర్ల టవర్ ఉందిగా, అదీ స్టీలే. దాన్ని చూసి ఎవరూ మోసం అనరు, ఎందుకంటే ఎవరూ దాన్ని చేత ఇనుమని అమ్మడం లేదు. నేను అడిగేది కూడా అంతే.

ఇంకా వెనక్కి పోతే ఈ డెల్టాకి సొంత ఇనప చరిత్రే ఉంది. 1670ల్లో ఈ తీరమంతా తిరిగిన ఇంగ్లీషు వర్తకుడు థామస్ బౌరీ, నరసాపురం దగ్గర ఓడలు కట్టే పనివాళ్ళని తెగ మెచ్చుకున్నాడు. కలప బాగుంటుందనీ, ఈ తీరం మొత్తం మీద ఇక్కడి ఇనుము మేలైనదనీ, మేకులూ బోల్టులూ లంగర్లూ ఇక్కడి కమ్మరులు చాకచక్యంగా చేస్తారనీ రాశాడు. అటు కోరంగి, తాళ్ళరేవు వైపు కూడా ఓడల పని పెద్దదే. పడవ మేకుకి చేత ఇనుమే ఎందుకు నప్పుతుందో పడవ పనివాళ్ళని అడిగితే చెప్తారు. చెక్కలోంచి అవతలికి వచ్చిన మొనను వంచి మళ్ళీ చెక్కలోకే కొట్టాలి, అక్కడ విరిగే మేకు పనికిరాదు. ఆ కాలం ఇనుము మన దేశపు కొలుముల్లోంచి వచ్చింది, ఇంగ్లండుది కాదు. కాబట్టి చేత ఇనుమంటే దొరల సరుకు అనుకునేవాళ్ళు కాస్త ఆగాలి. తర్వాత తర్వాత సీమ ఇనుము ఓడల్లో దిగి మన కొలుముల్ని ఆర్పేసిన మాట నిజమే. మండువా ఇళ్ళ కిటికీ ఊచల్లో ఎక్కువ భాగం అలా దిగిన సరుకే అని నా అంచనా, ఎందుకంటే మట్టి కొలిమి ఇనుము అంత ఒకే మందంలో, అంత పొడుగున రావడం కష్టం.

ఇక ఎవరికి కావాలన్న సంగతి. పాలకొల్లు దగ్గర ఒక మండువా ఇంటి ఉయ్యాలబల్ల గొలుసు మా దగ్గరికి రిపేరుకి వచ్చింది. నాలుగు గొలుసుల్లో ఒక దాంట్లో ఒక లింకు నోరు తెరిచింది. అంతకుముందు ఎవరో దాన్ని ఆర్క్ వెల్డింగు పెట్టి అతికించారు, ఆ వెల్డింగు పక్క నుంచే మళ్ళీ ఊడింది. దాన్ని చేతిలో పెట్టుకుని చూస్తే కథంతా అందులోనే ఉంది. వెల్డింగు చుక్క గట్టిగానే ఉంది. దాని కింద ఇనుము పొరగా లేచి, ఆ చుక్కతో పాటు ఊడి వచ్చేసింది. పోగులకి అడ్డంగా లాగే బలం ఈ ఇనుముకు తక్కువ. మామూలు 6013 రకం వెల్డింగు రాడ్డుతో పైపైన చుక్క పెడితే అది పై పొరనే పట్టుకుంటుంది, లోపలి పోగులదాకా దిగదు. బరువు పడగానే పై పొర చీలుతుంది. వెల్డరు తప్పేం లేదు పాపం, ఆయన చేతికి మైల్డ్ స్టీలే అలవాటు.

గొలుసులో మిగతా లింకుల్ని చూడండి. ప్రతి లింకుకీ ఒక పక్క కాస్త మందంగా, ఒక వేలి వెడల్పున ఏటవాలు గీత. అతుకు అక్కడే. కమ్మరి ఊచ ముక్క కోసి, కాల్చి, రెండు కొసల్నీ ఎదురెదురుగా ఏటవాలుగా పల్చన చేసి, పక్క లింకులోంచి దూర్చి, ఆ కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా వంచుతాడు. మళ్ళీ కొలిమిలోకి. కొసలు తెల్లబడి, చిట్టెం కరిగి తడి తేలినట్టు మెరిసే దాకా ఆగాలి. నిప్పురవ్వలు లేవడం మొదలయ్యే ఆ ఒక్క క్షణంలో బయటికి తీసి, దాగలి మీద రెండు దెబ్బలు తేలిగ్గా, మూడోది గట్టిగా. ముందే గట్టిగా కొడితే కొసలు జారిపోతాయి. అతుకు పడ్డాక దాగలి కొమ్ముకి తగిలించి, తిప్పుకుంటూ గుండ్రం చేస్తాడు. ఇలాంటివి ఒక్కో గొలుసుకి పాతిక ముప్ఫై. మూడు తరాలు ఊగిన బల్ల అది. లింకులు ఒకదాన్నొకటి రాసుకునే చోట సగం దాకా అరిగాయి గానీ, అతుకు వదిలింది ఆ ఒక్క లింకే.

దీనికి కొత్త లింకు మైల్డ్ స్టీలుతో చేయొచ్చా? చేయొచ్చు. మైల్డ్ స్టీలూ కొలిమిలో అతుకుతుంది, వెలిగారం చల్లాలి, వేడి కొలత తప్పకూడదు. అతుకు పట్టే వేడికీ కాలిపోయే వేడికీ మధ్య ఎడం ఇందులో తక్కువ, చేత ఇనుములో ఎక్కువ. బలం మాటకొస్తే మైల్డ్ స్టీలే ఎక్కువ. చేత ఇనుము పోగుల వెంట లాగితే 300 నుంచి 350 మెగాపాస్కల్స్ (లాగుడు బలానికి కొలత) దాకా ఆగితే, మనకి బజారులో దొరికే మామూలు స్ట్రక్చరల్ స్టీలు 410 దాటాలి. ఇంజనీరు మిత్రులు ఇక్కడే నన్ను పట్టుకుంటారు. "బలమైనది ఉండగా బలహీనమైంది ఎందుకు?" అని.

ఎందుకంటే బల్లని ఆపేది ఆ ఒక్క లింకు కాదు, గొలుసంతా. కొత్త లింకు గట్టిదైతే దాని పక్కనున్న రెండు పాత లింకుల్ని అదే అరగదీస్తుంది. మెత్తటిదానికి మెత్తటిదే జోడు. ఇంకో కారణం, ఈ లింకు మళ్ళీ ఎప్పుడైనా రిపేరుకి వస్తే అప్పటి కమ్మరి దాన్నీ మిగతావాటిలాగే కాల్చి అతకగలగాలి. గొలుసులో రెండు రకాల ఇనుముంటే ఏది ఏ వేడిలో పెట్టాలో ఆయనకెలా తెలుస్తుంది? మూడో కారణం మాత్రం శుద్ధ చాదస్తం, ఒప్పుకుంటాను. చేతికి తగిలితే తేడా తెలుస్తుంది నాకు. దాన్ని మీరు లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

అదే ఇంట్లో తీసి పడేసిన కిటికీ ఊచ ఒకటి గోడ వార పడి ఉంటే, దాన్ని కోసి లింకు చేశాం. కర్రబొగ్గుతో పాటు కొబ్బరి చిప్పల బొగ్గు కలిపి కాల్చాం. మన దగ్గర దానికి కరువు లేదు, పైగా రాక్షసి బొగ్గులో ఉండే గంధకం గోల ఉండదు. గంధకం ఎక్కితే ఇనుము ఎర్రటి కాకలోనే పగుళ్ళిస్తుంది. లింకు పడ్డాక ఊరికే తగిలించి ఇచ్చేయలేదు. నాలుగు బియ్యం బస్తాలు బల్ల మీద పెట్టి ఓ రాత్రంతా వదిలేసి, పొద్దున అతుకులన్నీ భూతద్దంతో చూశాకే ఇచ్చాం. పిల్లలు ఊగే బల్ల దగ్గర సెంటిమెంటుకి చోటివ్వకూడదు.

పాత ఇనుము అభిమానులు చెప్పే ఒక మాటతో మాత్రం నాకు పేచీ ఉంది. "పాత ఇనుముకు తుప్పు పట్టదండీ" అంటారు. వెంటనే ఢిల్లీ స్తంభం చూపిస్తారు. ఆ స్తంభం 1600 ఏళ్ళ నాటిది. దాని ఇనుములో భాస్వరం ఎక్కువ, దానివల్ల పైన కాపాడే పొర ఒకటి ఏర్పడిందని ఐఐటీ కాన్పూరు ప్రొఫెసర్ ఆర్. బాలసుబ్రమణ్యం వివరంగా చూపించారు. పైగా ఢిల్లీ గాలి పొడి గాలి. అదే స్తంభాన్ని అంతర్వేదిలో ఉప్పుగాలికి నిలబెట్టి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చూడలేదు. సముద్రం పక్కనే ఉన్న కోణార్కలో 13వ శతాబ్దపు ఇనప దూలాలున్నాయి. అవి నిలిచాయి గానీ, తుప్పు ముట్టుకోకుండా మాత్రం వదల్లేదు.

చిట్టెం పోగులు తుప్పుని కాస్త అడ్డుకుంటాయన్నది నిజం. గరుకు ముఖం రంగుని బాగా పట్టుకుంటుందన్నదీ నిజం. కానీ మనం చూసేది మిగిలినవాటినే. తిని పోయినవి ఎప్పుడో తూకానికి పోయాయి, వాటి లెక్క ఎవరి దగ్గరా లేదు. ఏ పాత ఇంటి కిటికీ అయినా తీసి చూడండి, ఊచ గుమ్మంలోకి దూరే చోట, వాన నీళ్ళు నిలిచే చోట, సగానికి సగం సన్నబడి ఉంటుంది. చేత ఇనుము తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది, పోగుల వెంటే. ఆ గీతలు చూసి గుర్తుపట్టడం తేలిక. కాబట్టి తుప్పు పట్టదన్న ఆశతో ఎవరూ పాత ఇనుముకు ఎక్కువ ధర పెట్టకండి. రెడ్ ఆక్సైడు, ఏటా ఒకసారి చూసుకోవడం, దేనికైనా తప్పదు.

ఇక సరుకు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న. కొత్తగా ఎవరూ తీయడం లేదు. అమెరికాలో 1969తో, ఇంగ్లండులో బోల్టన్ ఊళ్ళో 1973తో వ్యాపారానికి తీయడం ఆగిపోయింది. ఇప్పుడు ఇంగ్లండులో అమ్మేదంతా పాత గొలుసులూ, వంతెన ముక్కలూ మళ్ళీ కాల్చి రోలింగు చేసినదే. అక్కడి కోటల గేట్లు బాగుచేసేవాళ్ళు అదే కొంటారు. మనకి అది ఓడ కిరాయిలతో కలిపి ఎంత పడుతుందో లెక్కేస్తే మనసు రాదు. కొంతమంది కుర్రాళ్ళు నల్ల ఇసుక సంగతి అడుగుతుంటారు. సముద్రం ఒడ్డున అయస్కాంతం ఆడిస్తే అంటుకుంటుంది కదా, దానితో ఇనుము తీయలేమా అని. జపానులో ఇనప ఇసుకతోనే కత్తుల ఉక్కు తీస్తారు, ఇప్పటికీ తీస్తున్నారు. కానీ మన ఒడ్డు ఇసుకలో టైటానియం ఖనిజాలూ, మోనజైటూ కలిసి ఉంటాయి. మోనజైటు అణు ఖనిజం, ప్రభుత్వం కాపలాలో ఉండే సరుకు. సరదాకి గుప్పెడు ఏరుకోవడం వేరు, బస్తాలెత్తడం వేరు. ఆ జోలికి పోకండి.

లాకుల దగ్గర ఇనుము సంగతీ అంతే. పాత తలుపుల పట్టీలూ గొలుసులూ చూస్తే నాకూ చెయ్యి ఊరుకోదు. అది ఇరిగేషన్ వాళ్ళ ఆస్తి, వేలం పాటలో వస్తే తీసుకోవడం తప్ప ఇంకో దారి లేదు. గుడి సామానుకీ అదే మాట.

దొరికే చోటు ఇళ్ళే. మండువా ఇల్లు పడగొట్టిన రోజున దూలాలకీ, స్తంభాలకీ, గుమ్మాలకీ బేరగాళ్ళు పోటీ పడతారు. టేకు కదా. కిటికీ ఊచలూ, మండువా మీద కప్పిన ఇనప కడ్డీల జాలీ, నూతి గిలక కొక్కేలూ, గడియలూ, ఉయ్యాల గొలుసులూ మాత్రం పాత ఇనప సామాన్ల బండిలోకి గంపగుత్తగా పోతాయి. అక్కడ అందులోని కొత్త రేకు డబ్బాకీ దానికీ ఒకటే ధర. ఆ బండి నుంచి గోడౌను, గోడౌను నుంచి ఫర్నేసు. కరిగిందంటే ఆ పోగులు ఇక రావు, అది స్లాబుల్లో వేసే ఇంకో టీఎంటీ కడ్డీ అయిపోతుంది. యుద్ధం రోజుల్లో 1940లో కాకినాడ–కోటిపల్లి రైలు పట్టాలన్నీ పీకి పట్టుకుపోయారని పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ లైను మళ్ళీ పడింది 2004లో. పట్టాలు స్టీలువి లెండి, మన లెక్కలోకి రావు. అయినా వాటికి యుద్ధమన్న సాకైనా ఉంది, కిటికీ ఊచలకి అదీ లేదు.

కొనేముందు పరీక్ష చేయాలి. తుప్పు మీద నిలువు గీతలుంటే సగం నమ్మొచ్చు. గ్రైండింగు రాయికి ఆనిస్తే చేత ఇనుము రవ్వలు పొడుగ్గా, కాస్త మందమైన పసుపు రంగులో, చివర్న పెద్దగా చిట్లకుండా పోతాయి. కర్బనం ఉన్న ఉక్కు రవ్వలు తెల్లగా చిటపటమని పువ్వులు విచ్చుతాయి. మైల్డ్ స్టీలు రెంటికీ మధ్యలో ఉంటుంది, కాబట్టి రవ్వలొక్కటే చూసి తీర్పు చెప్పకండి. ఒక పక్క ఆకురాయితో నునుపు చేసి, ఎలక్ట్రానిక్స్ కొట్లో దొరికే ఫెర్రిక్ క్లోరైడు రాస్తే కాసేపటికి పోగులు తేలతాయి. అన్నిటికన్నా నమ్మకమైంది గాటు పెట్టి వంచడమే, ఒక కొస పాడైతే పాడైంది. బండి చక్రాల పట్టాల దగ్గర మాత్రం ఆశ పెట్టుకోకండి, ఇప్పుడు దొరికేవాటిలో దాదాపు అన్నీ స్టీలే. టీఎంటీ కడ్డీని కొలిమి పనికి తీసుకురానే వద్దు. దాని బలం పైన నీళ్ళతో గట్టిపరిచిన తొడుగులో ఉంటుంది, కొలిమిలో పెట్టగానే అది పోతుంది. చిన్న మిల్లుల కడ్డీలో ఏ తుక్కు కలిసిందో చెప్పే నాథుడు ఉండడు.

కొత్త పనికి విశాఖ ఉక్కు రౌండ్లో, మంచి మిల్లు చదరపు ఊచలో తీసుకోండి. తక్కువ కర్బనం సరుకు అడిగి తీసుకుంటే కొలిమిలో బాగానే మాట వింటుంది. ఇక అనుకరణ అంటే ఏమిటో చెప్తాను. పాత గేటులో రెండు ఊచలు కలిసే చోట ఏముంటుందో చూడండి. ఒక ఊచని కాల్చి పొట్ట ఉబ్బించి, నడిమధ్యన బెజ్జం కొట్టి, రెండోదాన్ని అందులోంచి దూర్చి ఉంటారు. బెజ్జం కోసం ఇనుము తీసేయరు, పక్కకి జరుపుతారు, అందుకే అక్కడ ఊచ సన్నబడదు. రెండు తీగ మెలికలు ఒకదానికొకటి ఆనే చోట చిన్న పట్టీ ఎర్రగా కాల్చి చుట్టి ఉంటారు. అది చల్లారి బిగుసుకున్నాక వెల్డింగు అక్కర్లేదు. చట్రం మూలల్లో రివెట్లు. ఇవన్నీ మైల్డ్ స్టీలుతో శుభ్రంగా వస్తాయి. సుత్తి మచ్చ ఒక్కటి కూడా లేకపోయినా, ఆ గేటు ముందు నిలబడ్డవాడికి ఇది చేత్తో చేసిందని తెలిసిపోతుంది.

"టైము ఎంత పడుతుందో తెలుసా, రేటు ఎవడిస్తాడు?" అని తోటి ఫ్యాబ్రికేటర్లు అంటారు. న్యాయమైన మాటే. వెల్డింగు గేటు పూర్తయ్యే టైములో ఇలాంటిది చట్రం కూడా దాటదు. అందుకే నేను గేటంతా ఇలా చేయమనడం లేదు. చేయి తగిలే చోటా, కంటి ఎత్తున కనపడే చోటా రివెట్లూ పట్టీలూ పెట్టి, కింది భాగం వెల్డింగుతో కానిచ్చి, ఏది ఏమిటో యజమానికి చూపించి ఒప్పించినవాళ్ళున్నారు. మొదట సొట్టలు కావాలన్న రిసార్టు ఆయనకి పక్కపక్కన రెండు నమూనాలు పెట్టి చూపిస్తే, సొట్టలది ఆయనే పక్కకి నెట్టారు. అందరూ నెడతారని చెప్పను. కొంతమందికి సొట్టలే కావాలి, చేసిచ్చి డబ్బులు తీసుకుంటాం, బిల్లు మీద మాత్రం మైల్డ్ స్టీలనే రాస్తాం.

ఇళ్ళు పడగొట్టించే పెద్దలకి ఒక విన్నపం. తూకం బండి పిలిచే ముందు ఊచల్నీ గొలుసుల్నీ టేకు సామానుతో పాటు ఓ పక్కన పెట్టించండి. కోయించొద్దు, ఎంత పొడుగుంటే అంత మేలు. గ్యాసు కట్టరు తెచ్చి రెండడుగుల ముక్కలు చేసేశారా, అయినా సరే, పడేయకండి, లింకులకీ కొక్కేలకీ జానెడు ముక్క చాలు. మీ ఊళ్ళో కొలిమి ఇంకా వెలుగుతుంటే ముందు ఆయన్నే అడగండి, తూకం ధరకి ఒక రూపాయి ఎక్కువిచ్చి తీసుకుంటాడు. అక్కడ వద్దంటే మేం తీసుకుంటాం.